మోచేతి మడతలో దురద

పిల్లకు ఒళ్లంతా దురద అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న, “ఏం పెట్టావే దానికి?” అని. వంకాయ పెట్టావా, గోంగూర పెట్టావా, పక్కింటివాళ్లు ఎండుచేపల పులుసు రుచి చూపించారా? విచారణ ముగిసేసరికి తీర్పు కూడా సిద్ధంగానే ఉంటుంది. ఒంట్లో వేడి, లేదంటే రక్తం చెడింది. రక్తం బాగుపడటానికి పరగడుపున వేపచిగురు ముద్ద, కడుపులో పురుగులకు ఒక మాత్ర, వంకాయకు ఇంటిల్లిపాదీ సెలవు. ఇంత చేసినా ఆ పిల్ల అర్ధరాత్రి లేచి కూర్చుని మోచేతి మడత గోక్కుంటూనే ఉంటుంది.

పెద్దవాళ్ల ఆలోచనను నవ్వి కొట్టిపారేయనక్కర్లేదు. చర్మం మీద కనిపించేదానికి మూలం లోపలెక్కడో ఉందని చాలాకాలం వైద్యులూ నమ్మారు. పసితనంలో ఇలా దురదతో మొదలయ్యే జబ్బు ఎగ్జిమా. ఉబ్బసం, తుమ్ముల జబ్బు ఉన్న కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఆ బంధుత్వాన్ని గమనించే 1933లో అమెరికా వైద్యులు ఫ్రెడ్ వైజ్, మేరియన్ సుల్జ్‌బర్గర్ దీనికి ‘అటోపిక్ డెర్మటైటిస్’ అని పేరు పెట్టారు. లోపల రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందిస్తోంది, పైన కనిపించేది దాని ఫలితం, అంతే అని అప్పటి లెక్క.

ఆ లెక్క 2006లో తిరగబడింది. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువును చదివింది. ఒకే అక్షరాల వరుస మళ్లీ మళ్లీ వచ్చే పొడవాటి జన్యువు కావడంతో అంతకుముందు చాలామంది చదవలేక వదిలేసినదది. యూరపు సంతతి జనంలో దాదాపు పదిమందిలో ఒకరికి ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచెయ్యదని, అలాంటివాళ్లకు ఎగ్జిమా వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువని తేలింది. ఈ ఫిలాగ్రిన్ రక్తంలో తిరిగేది కాదు. ఉండేదీ పనిచేసేదీ చర్మం పైపొరలో. ఈ జన్యువు బాగానే ఉన్న పిల్లలకూ ఎగ్జిమా వస్తుంది, కాబట్టి కథంతా ఇదే కాదు. కానీ చూపు లోపలి నుంచి బయటికి మళ్లింది.

చర్మంలో అన్నిటికన్నా పైన ఉండే పొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. చర్మశాస్త్రవేత్తలు దాన్ని ఇటుక గోడతో పోలుస్తారు. చనిపోయి చదునైన కణాలు ఇటుకలు. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు సున్నం. ఫిలాగ్రిన్ రెండు పనులు చేస్తుంది. ముందు కణంలోని కెరటిన్ పోగులను దగ్గరికి లాగి ఇటుకను గట్టిపరుస్తుంది. ఆ తర్వాత తానే ముక్కలై, నీటిని పట్టి ఉంచే చిన్న చిన్న పదార్థాలుగా మారిపోతుంది. చర్మానికి ఉండే కాస్త పులుపు గుణం కూడా కొంత దాని చలవే. ఫిలాగ్రిన్ తగ్గితే నీరు ఆవిరైపోతుంది, పులుపు తగ్గుతుంది, గోడలో బీటలు పడతాయి. ఆ బీటల్లోంచి దుమ్ము పురుగుల రేణువులు, సబ్బు, చెమట ఉప్పు, స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా లోపలికి దిగుతాయి. ఎగ్జిమా మచ్చ మీద నుంచి నమూనా తీస్తే పదింట ఏడుసార్లు ఈ బ్యాక్టీరియా కనిపిస్తుంది.

ఇక్కడే పెద్దవాళ్ల మాటలో సగం నిజం ఉంది. బీటల్లోంచి వచ్చినవాటిని చూసి రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే రసాయనాలను వదులుతాయి. అవి మంట పుట్టించడంతో ఊరుకోక, చర్మం కొత్త ఫిలాగ్రిన్ తయారు చెయ్యకుండా కూడా అడ్డుపడతాయి. అంటే బయట చెడితే లోపల రేగుతుంది, లోపల రేగితే బయట ఇంకా చెడుతుంది. ఏది ముందన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తూనే ఉంది. తల్లిదండ్రులకు ఆ వాదనతో పెద్ద పని లేదు. చేతికి అందేది గోడ. రక్తం కాదు.

ముందు గుర్తుపట్టడం. పాత వైద్య గ్రంథాల్లో ఎగ్జిమా బొమ్మలన్నీ తెల్లతోలు పిల్లలవే, అందుకే ‘ఎర్రటి మచ్చలు’ అని రాసి ఉంటుంది. మన పిల్లల చామనఛాయలో ఎరుపు తేలదు. నల్లబడిన చోటు, బూడిదరంగు పొలుసు, ఊదా ఛాయ, లేదా వెంట్రుక మొదళ్ల దగ్గర చేతికి గరుకుగా తగిలే చిన్న చిన్న పొక్కులు, ఇలా కనిపిస్తుంది. కళ్లతో కన్నా వేళ్లతో తడిమి చూస్తే తొందరగా తెలుస్తుంది. ఏడాదిలోపు పసివాళ్లకు బుగ్గలు, నుదురు, చేతులూ కాళ్లూ పైవైపు. డైపర్ కట్టే చోట, ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి, సాధారణంగా రాదు. నడక వచ్చాక మోచేతి మడతలు, మోకాలి వెనుక, మణికట్లు, మెడ. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే పిల్లలకు చీలమండలు కూడా. గోకి గోకి తోలు దళసరెక్కి గీతలు తేలితే జబ్బు పాతబడిందని అర్థం.

బుగ్గల మీద పాలిపోయిన తెల్ల మచ్చల సంగతి వేరే చెప్పాలి. ఇవి కనబడగానే ఒకరు పురుగులంటారు, ఒకరు కాల్షియం తక్కువంటారు, మూడోవాళ్లు బొల్లి అని పేరెత్తి తల్లికి నిద్ర లేకుండా చేస్తారు. చాలావరకు అది పొడిబారిన చర్మంలో వచ్చే తేలికపాటి ఎగ్జిమా. సన్నటి పొలుసు లేచి, రంగు కొన్నాళ్లు వెనక్కి తగ్గుతుంది. ఎండకు చుట్టూ ఉన్న చర్మం నల్లబడితే మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నెలలు పట్టినా రంగు తిరిగి వస్తుంది. బొల్లి మచ్చ సున్నం పూసినంత తెల్లగా, అంచు తేటగా, పొలుసు లేకుండా ఉంటుంది.

ఇంకో గందరగోళం గజ్జితోనూ తామరతోనూ. వేళ్ల సందుల్లో పొక్కులు లేచి, ఇంట్లో నలుగురూ రాత్రిళ్లు గోక్కుంటుంటే అది గజ్జి, సూక్ష్మమైన పురుగు పని. గుండ్రంగా అంచు లేచి మధ్యలో మానుతూ పాకితే తామర, అది ఫంగస్. ఈ రెండూ అంటుకుంటాయి, ఎగ్జిమా అంటుకోదు. మూడింటికీ మందులు వేరు, ఒకదాని మందు ఇంకోదాన్ని పెంచుతుంది కూడా. అందుకే ఒక్కసారైనా చర్మవైద్యులకు చూపించాకే ఈ వ్యాసంలో మిగతాది పనికొస్తుంది.

రాత్రిళ్లే ఎందుకంత దురద? పగలు ఆటలో మరిచిపోతుందన్నది నిజమే కానీ అదొక్కటే కాదు. రాత్రి చర్మం వెచ్చబడుతుంది, చర్మంలోంచి ఆవిరయ్యే నీరు పెరుగుతుంది, మంటను అణిచే కార్టిసాల్ రక్తంలో అడుగంటుతుంది. మూడూ ఒకే సమయానికి కలుస్తాయి. ఆపైన మందపాటి దుప్పటి. దురద సిరప్ పట్టిస్తే పిల్ల పడుకుంటుంది, కానీ అది చాలావరకు మత్తు. దద్దుర్ల దురదకు హిస్టమిన్ కారణం కాబట్టి ఆ సిరప్ అక్కడ పనిచేస్తుంది. ఎగ్జిమా దురద నడిచేది ఎక్కువగా వేరే దారుల్లో. ఇంటర్‌ల్యూకిన్-31 నేరుగా నరాలను తాకుతుంది. స్టెఫిలోకాకస్ వదిలే వి8 అనే ఎంజైము కూడా మధ్యలో ఎవరి సాయమూ లేకుండా నరాన్ని రేపి దురద పుట్టిస్తుందని 2023లో హార్వర్డ్‌లోని ఐజాక్ చియు బృందం ఎలుకల్లో చూపించింది. గోకిన చోట గోడ ఇంకా చెదురుతుంది, ఇంకొంత బ్యాక్టీరియా దిగుతుంది. కాబట్టి “గోక్కోకు” అని తల్లి రాత్రంతా చెప్పే మాటకు ఏ ప్రయోజనమూ ఉండదు. ఆ మాట వినడానికి పిల్ల మెలకువలోనే ఉండాలి కదా, సగం గోకుడు నిద్రలోనే జరుగుతుంది.

స్నానం దగ్గరికి వద్దాం. తెలుగు ఇళ్లలో గొడవ అసలు మొదలయ్యేది అక్కడే.

“సబ్బూ పెట్టవు, పిండీ పెట్టవు, ఇదేం స్నానమే?”

“సబ్బు చంకలకీ తొడ మొదళ్లకీ చాలన్నారమ్మా డాక్టరుగారు.”

“మీరంతా నా చేతుల మీద పెరగలేదూ? వేడి నీళ్లు పోసి, ఒళ్లు ఎర్రబడేలా నలుగు పెట్టేదాన్ని. ఒక్కరికైనా ఏమైనా అయ్యిందా?”

కాలేదు. గోడ గట్టిగా ఉన్న పిల్లకు ఏమీ కాదు. బీటలున్న పిల్లకు మాత్రం అమ్మమ్మ స్నానంలో ప్రతి అంకమూ ఇబ్బందే. సలసల కాగిన నీళ్లు చర్మంలోని జిడ్డును కరిగించేస్తాయి. సున్నిపిండి రవ్వ మొదటి పొరను గీకుతుంది. కుంకుడు రసం నురుగూ నూనెను ఊడ్చుకుపోయేదే. మామూలు సబ్బు పీహెచ్ తొమ్మిది, పది దగ్గర ఉంటే చర్మానిది అయిదు దగ్గర. ఆ తేడా చాలు, కణాలను పట్టి ఉంచే బంధాలను తెంచే ఎంజైములు విజృంభించడానికి. చివర్లో సాంబ్రాణి పొగ, ఉబ్బసం రాగల పిల్లకు దాని అవసరం బొత్తిగా లేదు.

పిండి విషయంలో నాకు ఇంకో జంకు ఉంది. పుండైన చర్మం మీద ఆహార ప్రొటీన్ రుద్దితే శరీరం దాన్ని శత్రువుగా నమోదు చేసుకోవచ్చు. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి రెండు వేల మందికి పైగా గోధుమ ఎలర్జీ తెచ్చుకున్నారు. అంతకుముందు వాళ్లు నిక్షేపంగా గోధుమలు తిన్నవాళ్లే. ఆ సబ్బును 2011లో వెనక్కి తీసుకున్నారు. ఆ సంగతి తెలిశాక, చిట్లిన చర్మం మీద శనగపిండీ పెసరపిండీ రుద్దమని నేనైతే చెప్పను. అమ్మమ్మకు నచ్చజెప్పే మార్గం ఒకటుంది. నలుగు మానేసి, నూనె రాసే పని ఆవిడకే అప్పగించడం.

నీళ్లు గోరువెచ్చన, పది నిమిషాల లోపు. సబ్బు బదులు క్షారం తక్కువుండే, వాసన లేని బార్, అదీ మురికయ్యే చోట్లకే. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద ఇంకా తడి ఉండగానే మాయిశ్చరైజర్. స్నానాల గదిలోనే డబ్బా ఉంచుకోవాలి. బట్టలు తొడిగి, జడలు వేసి, ఆ తర్వాత రాద్దాంలే అనుకుంటే ఆ నీరంతా ఆవిరైపోయి చర్మం స్నానానికి ముందుకన్నా ఎండిపోతుంది. మొలతాడు తడిగా ఉండిపోయే చోట, వెండి పట్టీల కింద, దిష్టి తాడు కట్టిన మణికట్టు దగ్గర ఆరబెట్టడం మరిచిపోకూడదు. చవక లోహపు మువ్వల్లో ఉండే నికెల్ దానంతటదే ఇంకో రకం ఎగ్జిమాను తెస్తుంది.

ఏ మాయిశ్చరైజర్? ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఇది, ప్రకటనలన్నీ దీని చుట్టూనే. బ్రిటన్‌లో 550 మంది పిల్లల మీద ఇదే ప్రశ్నతో ప్రయోగం చేశారు. లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్, నాలుగు గుంపులు. 2022లో ఫలితం వచ్చింది. నాలుగూ సమానమే. ఏది మంచిదంటే పిల్ల రాయించుకునేది. అసలు తేడా వచ్చేది పరిమాణంలో. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ఎగ్జిమా పిల్లకు వారానికి 250 నుంచి 500 గ్రాములు వాడమంటాయి. నెలకు ఒక కిలో పైమాటే. మన ఇళ్లలో వంద గ్రాముల సీసా రెండు నెలలు వస్తే పొదుపుగా వాడామని సంతోషిస్తాం. ‘ఎంత ఖరీదు క్రీమ్ రాసినా గుణం కనిపించట్లేదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఆ పొదుపే.

అందుకే ఖరీదైనది కొంచెం రాసేకన్నా చవకైనది దండిగా రాయడం మేలు. వైట్ పెట్రోలియం జెల్లీ, లిక్విడ్ పారఫిన్ రెండూ ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. పెట్రోలియం జెల్లీ పైన మూతలా ఉండిపోదు, పైపొర సందుల్లోకి ఇంకి, అడుగున మరమ్మతు సాగనిస్తుంది. శీతకాలం దక్కను పీఠభూమిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి హైదరాబాదు, కర్నూలు పిల్లలకు అది బాగా నప్పుతుంది. వేసవిలో విజయవాడ ఉక్కపోతలో అదే జెల్లీ రాస్తే చెమట బయటికి పోక, వెంట్రుక మొదళ్లలో పొక్కులు లేస్తాయి. అప్పుడు పలచటి లోషన్‌కి మారాలి. చెమట పట్టిన ఒంటిని రోజుకు రెండుమూడుసార్లు మామూలు నీళ్లతో కడగాలి.

ఇంట్లో నూనెల సంగతి? ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లల మీద ఎనిమిది వారాలు పోల్చి చూస్తే, వేడి చెయ్యకుండా తీసిన కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కన్నా బాగా పనిచేసింది. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పొద్దుతిరుగుడు నూనెకూ మంచి పేరే ఉంది. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే ఆలివ్ నూనె మాత్రం వద్దు. పెద్దవాళ్ల మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో అది గోడను బలహీనపరిచినట్టు 2013లో తేలింది. అందులో ఒలీక్ ఆమ్లం ఎక్కువ, అది జిడ్డు సున్నాన్ని చెదరగొడుతుంది. వేపనూనె కొందరి చర్మాన్ని మండిస్తుంది.

ఇప్పుడు అందరూ భయపడే విషయం. స్టెరాయిడ్ క్రీమ్. ఈ జబ్బుకు పేరు పెట్టిన సుల్జ్‌బర్గరే, విక్టర్ విట్టెన్‌తో కలిసి, 1952లో హైడ్రోకార్టిసోన్‌ను చర్మం మీద రాసి చూపించారు. డెబ్భై ఏళ్లు దాటినా రేగిన ఎగ్జిమాను అణచడానికి మొదట వాడేది ఆ కుటుంబపు మందులే. గోడకు మాయిశ్చరైజర్, మంటకు స్టెరాయిడ్. ఒకటి ఇంకోదాని పని చెయ్యలేదు.

మన దగ్గర ఈ క్రీమ్‌లతో రెండు వేర్వేరు తప్పులు జరుగుతున్నాయి, తరచూ ఒకే ఇంట్లో. మొదటిది, వైద్యులు రాసిచ్చిన తేలికపాటి క్రీమ్‌ను భయంతో కొసరి కొసరి రాయడం, రెండు రోజులకు ఆపేయడం. రెండోది, అది తగ్గట్లేదని సందు చివరి మందుల షాపుకెళ్లి ‘దురదకు ఏదైనా ఇవ్వండి’ అని అడిగి, క్లోబెటసాల్‌తో పాటు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలగలిపిన ట్యూబు తెచ్చి నెలల తరబడి పూయడం. క్లోబెటసాల్ ఆ కుటుంబంలో అందరికన్నా బలమైనది. పిల్లల ముఖం మీద అది చర్మాన్ని పలచన చేస్తుంది, సన్నటి రక్తనాళాలు తేలేలా చేస్తుంది. తామర మీద పడితే ఫంగస్ రూపు మారి, పాకిపోయి, వైద్యులకు కూడా గుర్తుపట్టడం కష్టమయ్యేలా చేస్తుంది. దేశంలో చర్మవైద్యుల సంఘం దీని మీద ఏళ్ల తరబడి పోరాడాక, 2018లో కేంద్రం ఇలాంటి పద్నాలుగు స్టెరాయిడ్ల పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. కౌంటరు దగ్గర ఆ మార్పు ఎంత కనిపిస్తోందో మీ వీధిలో మీకే తెలుసు.

ఇంటికి తెచ్చిన ట్యూబు మీద పేరు చదవడం కష్టమేమీ కాదు. హైడ్రోకార్టిసోన్ తేలిక, ముఖానికీ మడతలకూ సాధారణంగా అదే రాస్తారు. మోమెటసోన్, ఫ్లూటికసోన్ అంతకన్నా బలం, ఒంటికి. క్లోబెటసాల్ అని ఉంటే, మీ చర్మవైద్యులు చేత్తో రాసిచ్చింది కాకపోతే, పక్కన పెట్టండి.

ఎంత రాయాలన్నదానికి కొలత మీ వేలే. పెద్దవాళ్ల చూపుడు వేలి కొస నుంచి మొదటి కణుపు గీత దాకా ట్యూబు నొక్కి ఒక గీత పెట్టండి. అది సుమారు అర గ్రాము. మీవి రెండు అరచేతులు, వేళ్లతో సహా ఆనించినంత మేరకు అది సరిపోతుంది. బ్రిటన్ వైద్యులు లాంగ్, ఫిన్లే 1991లో తేల్చిన కొలత ఇది. నాలుగేళ్ల పిల్ల ఒక చెయ్యి మొత్తానికి ఇలాంటివి రెండు, ఒక కాలు మొత్తానికి మూడు. పది గ్రాముల ట్యూబులో ఇరవైయే ఉంటాయని లెక్క వేసుకుంటే, మనం ఎంత పిసినారిగా రాస్తున్నామో తెలిసిపోతుంది. రోజుకు ఒక్కసారి చాలు, రెండుసార్లు రాస్తే అదనంగా ఒరిగేది లేదు.

భయం సంగతి? వందకు పైగా ప్రయోగాలను కూడి చూసిన కొక్రేన్ సమీక్ష 2022లో వచ్చింది. అందులో చర్మం పలచబడటాన్ని నమోదు చేసిన ప్రయోగాల్లో అలా జరిగింది నూటికి ఒకరికి, అదీ ఎక్కువగా బలమైన మందులతో. ఆ సమీక్షలోనే నాకు నచ్చిన అంకె ఇంకొకటుంది. ఎగ్జిమా అణిగాక కూడా తరచూ రేగే చోట్ల వారానికి రెండు రోజులు రాస్తూ ఉంటే, తిరగబెట్టే అవకాశం నూటికి 58 నుంచి 25కి పడిపోయింది. మంట పైకి కనపడకపోయినా తోలు అడుగున కొన్నాళ్లు నివురుగప్పి ఉంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. చాలా కుటుంబాలకు ఈ మాట ఎవరూ చెప్పరు. తగ్గగానే ఆపేసి, రేగగానే బెంబేలెత్తడం, ఏడాదంతా అదే తిరగలి.

ఎగ్జిమా మానిన చోట చర్మం కొన్నాళ్లు తెల్లగానో నల్లగానో ఉండిపోతుంది. దాన్ని చూసి ‘క్రీమ్ వల్ల మచ్చ పడింది’ అని మందు ఆపేస్తారు. చాలావరకు ఆ మచ్చ మంట వదిలి వెళ్లిన జాడ, మందుది కాదు. త్వరగా అణిచి ఉంటే అంత మచ్చ పడేదే కాదు. కనురెప్పల వంటి పలచటి చోట్లకు స్టెరాయిడ్ కాని మందు కావాలంటే టాక్రోలిమస్ ఉంది. జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి 1984లో తీశారు. మొదట్లో అవయవ మార్పిడికి వాడి, తర్వాత పూతమందుగా చేశారు. రెండేళ్లు దాటిన పిల్లలకు 0.03 శాతం. మొదటి కొద్ది రోజులు చురుక్కుమంటుంది, ఆ మాట ముందే చెప్పకపోతే పిల్ల మళ్లీ రాయనివ్వదు. ఇవేవీ చాలని తీవ్రమైన జబ్బుకు ఇంటర్‌ల్యూకిన్-4, 13 దారిని మూసే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌ను 2022లో అమెరికాలో ఆరు నెలలు దాటిన పసివాళ్లకూ అనుమతించారు. ధర మాత్రం సామాన్యులకు అందేది కాదు.

తిండి. ఎగ్జిమా ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న పసివాళ్లలో సుమారు మూడో వంతుకు నిజమైన ఆహార ఎలర్జీ ఉంటుంది, ముఖ్యంగా గుడ్డు, పాలు, వేరుశనగ. అది దాక్కోదు. తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తాయి. మిగతా రెండు వంతుల పిల్లలకు గుడ్డు మాన్పించినా వంకాయ మాన్పించినా మోచేతి మడతకు తెలియదు. రక్తపరీక్షలో పెద్ద జాబితా పాజిటివ్ వచ్చిందని అన్నీ మాన్పించడం ఇంకా ప్రమాదం. పరీక్షలో ఎలర్జీ ఉన్నట్టు కనిపించి, తింటే ఏమీ కానివాళ్లు బోలెడుమంది. పైగా ఎదిగే పిల్ల బరువు తగ్గుతుంది.

మాన్పించడమే ఎలర్జీని తెస్తుందని చూపించింది లండన్‌లో గిడియన్ ల్యాక్ చేసిన ప్రయోగం. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందికి అయిదేళ్లు వచ్చేదాకా వేరుశనగ పెట్టారు, సగం మందికి పెట్టలేదు. 2015లో లెక్క తీస్తే, తినని గుంపులో నూటికి 17 మందికి ఆ ఎలర్జీ వచ్చింది, తిన్న గుంపులో ముగ్గురికే. నోటి దారిన వచ్చినదాన్ని శరీరం తిండిగా గుర్తిస్తుంది, బీటలున్న చర్మం దారిన వచ్చినదాన్ని శత్రువుగా చూస్తుంది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పసివాడికి మొదటిసారి వేరుశనగ పెట్టేది మాత్రం వైద్యులను అడిగాకే. పప్పు గింజలుగా కాదు, గొంతుకు అడ్డం పడతాయి, మెత్తగా నూరి పెట్టాలి.

డబ్బు ఖర్చు పెట్టించేవి ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటిని బ్రిటన్ పరిశోధకులు ఒక్కొక్కటిగా పరీక్షించి పక్కన పెట్టారు. బోరు నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం, 336 మంది పిల్లలు, 2011, ఎగ్జిమా తగ్గలేదు. వైద్యం పేరుతో అమ్మే పట్టు లోదుస్తులు, 300 మంది, 2017, తేడా లేదు. స్నానం నీళ్లలో కలిపే నూనెలు, 482 మంది, 2018, అదీ అంతే. పుట్టిన దగ్గర్నుంచి ఏడాది పాటు రోజూ మాయిశ్చరైజర్ రాస్తే ఎగ్జిమా రాకుండా ఉంటుందా అని పదమూడు వందల పైచిలుకు పసివాళ్ల మీద చూశారు, 2020లో జవాబు వచ్చింది, ఉండదు. వచ్చాక రాస్తే మేలు, రాకుండా ఆపలేదు. ‘పనిచెయ్యదు’ అని తేల్చే ప్రయోగాలకు పత్రికల్లో పెద్దక్షరాలు దక్కవు కానీ, మధ్యతరగతి ఇంటికి వీటికన్నా పనికొచ్చే శాస్త్రం తక్కువ. నల్లగొండ, అనంతపురం బోరు నీళ్లు ఉన్నవాళ్లు యంత్రం కొనేబదులు సబ్బు తగ్గించుకోవచ్చు. కఠిన జలంలో సబ్బు పూర్తిగా కడుక్కుపోక ఒంటికి అంటుకునే ఉండిపోతుంది.

బడి సంగతి ఇంటి సంగతికన్నా జటిలం. పక్కన కూర్చున్న పిల్ల “మా అమ్మ నీ పక్కన కూర్చోవద్దంది” అంటే, దానికి ఏ ఆయింట్‌మెంటూ లేదు. ఏడాది మొదట్లోనే క్లాసు టీచర్ని కలిసి, ఇది అంటుకోదని, వైద్యుల చీటీతో సహా చెప్పడం మంచిది. ఫ్యాను కింద చోటు, పీటీ పీరియడ్ తర్వాత మొహం, చేతులూ కడుక్కోవడానికి రెండు నిమిషాలు, నైలాన్ మేజోళ్లకు బదులు నూలువి, బ్యాగులో చిన్న డబ్బా. ఇంతే అడగాలి, ఎక్కువ అడిగితే పిల్ల మళ్లీ అందరిలో వేరైపోతుంది. పెళ్లిళ్లకు జరీ పట్టు లంగా వేసుకుంటానంటే లోపల నూలు లైనింగ్ వేయించండి, వద్దనకండి.

గోకుడు మాన్పించడం కన్నా దానికి బదులు ఇవ్వడం సులువు. దురద వచ్చిన చోట అరచేతిని గట్టిగా అదిమి ముప్ఫై లెక్కపెట్టడం, తడిగుడ్డ వెయ్యడం, ఫ్రిజ్‌లో పెట్టిన మాయిశ్చరైజర్ రాయడం. గోళ్లు పొట్టిగా. అయిదారేళ్లు వచ్చాక పూత పనిలో కొంత పిల్లకే అప్పగించాలి, మొదట మోకాళ్లు, తర్వాత చేతులు. సరిగ్గా రాయదు, దుప్పటికి సగం అంటిస్తుంది. అయినా సరే, అది అమ్మ చేసే శిక్ష కాకుండా తన పని అవుతుంది. చాలామంది పిల్లలకు పదేళ్లు దాటేసరికి జబ్బు బాగా నెమ్మదిస్తుంది. పొడి చర్మం తత్వం మాత్రం పెద్దయ్యాకా ఉంటుంది కాబట్టి ఈ అలవాటు అప్పటికీ అక్కరకొస్తుంది.

వైద్యుల దగ్గరికి పరుగెత్తాల్సిన గుర్తులు రెండు. మచ్చ మీద తేనెరంగు చెక్కు కట్టి, రసి కారుతుంటే బ్యాక్టీరియా ముదిరిందన్నమాట. ఒకే సైజు చిన్న చిన్న బొబ్బలు గుంపుగా లేచి, చిట్లి, మేకుతో పొడిచినట్టు గుంటలు పడి, నొప్పితో, జ్వరంతో ఉంటే ఆ రాత్రే ఆస్పత్రికి. అది హెర్పిస్ వైరస్ చెదిరిన గోడలోంచి పాకడం, ముఖం మీదైతే కంటికీ ముప్పు. పెదవి మీద జ్వరపు పొక్కున్న తాతయ్యో బాబాయో బుగ్గ మీద పెట్టిన ముద్దుతో కూడా అంటుకోవచ్చు. ఎవరూ నొచ్చుకోకుండా ఆ ముద్దును వారం వాయిదా వేయించాలి.

ఇంకొక జాగ్రత్త దీపావళికి. పారఫిన్, పెట్రోలియం జెల్లీ చర్మం మీద ఉన్నప్పుడు అంత ప్రమాదం లేదు కానీ బట్టలకూ దుప్పట్లకూ అంటి ఎండిపోయాక, ఆ గుడ్డ నిప్పు తగిలితే మామూలు గుడ్డకన్నా వేగంగా అంటుకుంటుంది. ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. కాబట్టి ప్రమిదల దగ్గరికీ కాకరపువ్వొత్తుల దగ్గరికీ పంపేటప్పుడు రోజూ వేసుకునే చొక్కా కాకుండా పూత తగలని నూలు బట్టలు వెయ్యండి. సాయంత్రం రాయాల్సిన జెల్లీ టపాసులన్నీ అయిపోయి, ఒంటికి అంటిన మందు పొడి కడిగేశాక రాయండి.